మిరప చేత్తో చూసిన నీళ్ళు

మా మనవరాలు ఇంటర్ చదివే రోజుల్లో ప్రత్తిపాడులో మా ముందు గదిలో అద్దాల తొట్టి పెట్టి చారల చేపలు నాలుగు పెంచింది. చలికాలం నీళ్ళు చల్లబడకుండా లోపల హీటరు, ఎండాకాలం కాగిపోకుండా పైన చిన్న ఫ్యాను. చేపలకు ఫ్యానేమిటని నేను సణగని రోజు లేదు. వసారాలో ఊరికే బల్బు వెలిగితేనే ఊరుకోను.

ఒక మాఘమాసంలో నేను తప్ప అందరూ ఒంగోలు పెళ్ళికి బయల్దేరారు.

"నాయనమ్మా, హీటరు కట్టెయ్యకు. ఈ గాజుపుల్లలో ఎర్రగీత నేను గోళ్ళరంగు పెట్టిన చుక్క దగ్గరుందో లేదో చూడు, అంతే."

"ఐదుగురు పిల్లలకి నీళ్ళు పోసినదాన్ని. నీళ్ళ వేడి చూడ్డానికి నాకు పుల్ల కావాలటే?"

"చేపలు నీ పిల్లలు కాదుగా."

"నా పిల్లలకి ఇంత గారాబం ఎక్కడిది లే."

ఆ రోజంతా పెరట్లో ఎండుమిరపకాయలకు తొడిమలు తీశాను. సాయంత్రం చేతులు ఉత్త నీళ్ళతో కడుక్కుని వచ్చి తొట్టిలో మణికట్టు దాకా పెట్టాను. చెయ్యి భగ్గుమంది. చేపలు ఉడికిపోతున్నాయనుకుని హీటరు కట్టేసి ఫ్యాను వేశాను. కరెంటు మిగిలిందని మనసులో సంతోషం కూడా. పుల్ల వైపు చూడలేదు. నేను చదివింది రెండో తరగతే, కానీ చుక్క చూడటానికి ఆ చదువు కూడా అక్కర్లేదు.

తెల్లారేసరికి నాలుగూ తేలి ఉన్నాయి. నీళ్ళు మంచులా ఉన్నాయి. కారానికి పోయాయో, చలికి పోయాయో. మిరప చేతికి గోరువెచ్చని నీళ్ళు కూడా మంటగానే ఉంటాయి. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు కాయల పని చేసిన రోజు మజ్జిగతో చేతులు రుద్దుకోనిదే వాళ్ళను ముట్టలేదు. అంత తెలిసినదాన్ని.

ఫ్యాను ఆపి, హీటరు మళ్ళీ వేసి కూర్చున్నాను.

మధ్యాహ్నం మనవరాలు వచ్చి చూసింది. ఎర్రగీత చుక్క దగ్గరే ఉంది.

"అన్నీ సరిగ్గానే ఉన్నాయే. వెళ్ళేముందు మేత ఎక్కువ వేసినట్టున్నాను, నాయనమ్మా."

"మూగజీవాల్ని పెంచడమంటే మాటలా?" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

తొట్టి ఎవరికో ఇచ్చేసింది. మళ్ళీ ఏదీ పెంచలేదు.

కొన్నేళ్ళకు పురిటికి వచ్చింది. చంటిదానికి వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ కలిపి నన్ను పిలిచింది. "నువ్వు చెయ్యి పెట్టి చూడు, నాయనమ్మా. చేపల్నే బతికించుకోలేనిదాన్ని, నా చేతి మీద నాకు నమ్మకం లేదు."

ఆ రోజూ పెరట్లో కాయలున్నాయి. చేతులు చీర కొంగులో దాచుకుని, "నా చెయ్యి వద్దే. ఆ చేపల్ని చంపింది ఇదే" అని హీటరు సంగతీ, ఫ్యాను సంగతీ, తిరిగి వేసిన సంగతీ చెప్పాను.

"అప్పుడే చెబితే ఇంకో నాలుగు తెచ్చుకునేదాన్ని కదా" అంది.

మోచెయ్యి నీళ్ళలో పెట్టి చూసుకుంది. ఇంకో చెంబు చన్నీళ్ళు కలిపింది. నా వైపు చూడకుండానే, "సరిపోయాయి" అని బిడ్డను కాళ్ళ మీద వేసుకుంది.