గులాం అలీ నేల తట్టిన చప్పుడు

"ఆ దుమ్ములో పిల్లకు మళ్ళీ ఆయాసం వస్తే ఏం చేస్తాం?"

శ్యామ్ చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చెప్పగలిగిన జవాబులన్నీ నిన్ననే చెప్పేశాడు. అనూహ్య కూడా జవాబు కోసం అడగలేదు. కిటికీ తెర కాస్త పక్కకు జరిపి వీధి చివర వేపకొమ్మలు ఎంత ఊగుతున్నాయో చూసింది. ఫోను తీసి గాలి ఎలా ఉందో చూసింది. కొమ్మలు ఒకటి చెబుతున్నాయి, ఫోను ఇంకొకటి చెబుతోంది.

గోదావరిఖనిలో కాలనీకి అవతల, ఆఫీసర్ల క్లబ్బు వెనక ఉన్న చిన్న గోల్ఫు మైదానంలో ఆ ఆదివారం గులాం అలీని తలుచుకోవడానికి జనం చేరుతున్నారు. ఆయన పోయి నెల దాటింది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన ఇంట్లోనే జరిగింది. ఇది ఆయన ఆట చూసినవాళ్ళు విడిగా పెట్టుకున్నది. ఉపన్యాసాలు వద్దనుకున్నారు. వచ్చినవాళ్ళు తలా ఒక బంతి కొట్టాలి, అంతే. మొదటి బంతి వీళ్ళ కూతురు హాసిని కొట్టాలని గులాం అలీ భార్య నుస్రత్ బేగం నిన్న మెట్లెక్కి వచ్చి మరీ అడిగింది.

"ఆయన దగ్గర నేర్చుకున్నోళ్లల్ల ఆఖరిది గీ పిల్లనే కద బేటీ," అంది.

అనూహ్య చూద్దామంది. టీ పెట్టి ఇచ్చింది.

హాసినికి ఆరేళ్ళు. పోయిన చలికాలం ఆయాసం ముదిరి కొన్నాళ్ళు దవాఖానలో ఉండి వచ్చింది. అనూహ్య మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసింది. ఊపిరితిత్తుల లోపలి కొమ్మలూ రెమ్మలూ పుస్తకం చూడకుండా గీయగలదు. అంత చదువుకున్న పిల్లవి నీకు భయమేమిటని భీమవరం నుంచి వాళ్ళమ్మ ఫోనులో అంటూ ఉండేది. ఏమేం జరగవచ్చో తెలియడం వల్ల భయం తగ్గలేదు. ఏది ముందు జరుగుతుందో, ఏది తరువాత జరుగుతుందో కూడా తెలిసింది, అంతే. దవాఖాన నుంచి వచ్చాక కిటికీలకు తడిగుడ్డలు వేలాడాయి. పిల్ల బడికి తప్ప గేటు దాటలేదు.

శ్యామ్‌కు ఇక్కడ ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ వాళ్ళు గులాం అలీ ఇంటి పై వాటాలోనే అద్దెకుంటున్నారు. దిగిన కొత్తలో ఆయనను ఏమని పిలవాలో అనూహ్యకు తెలియలేదు. వీధిలో అందరూ చాచా అంటున్నారని విని, ఊరికే చాచా అనడానికి నోరు రాక, "చాచాగారూ" అంది. ఆయనకు అది తెగ నచ్చింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు, "ముప్పై ఏండ్లు కంపెనీల జేసినా గారు అన్నోడు లేడు. గీ బిడ్డ అచ్చి నన్ను ఆఫీసర్ను జేసింది," అని.

ఆయన ఆఫీసరు కాదు. లారీ మెకానిక్కు కొడుకు. మీసాలు సరిగా రాకముందే బాయిలో దిగాడు. ఇక్కడ బొగ్గు గనిని బాయి అనే అంటారు. కొన్నేళ్ళు తట్ట మోసి, తరువాత పరీక్ష రాసి సర్దారు అయ్యాడు. షిఫ్టు మనుషులు పనిచోటికి అడుగు పెట్టకముందే సర్దారు ఒక్కడూ ముందు వెళ్ళాలి. చేతికర్రతో పైకప్పును తట్టి వినాలి. గట్టిగా మోగితే రమ్మంటాడు. బోలుగా మోగితే ఆపి, అక్కడ ప్రాపులు నిలబెట్టిస్తాడు. లావుపాటి మొద్దులు అవి, పైబరువును ఆపడానికి. గులాం అలీ రమ్మంటే వెనకాముందు చూడకుండా వెళ్ళేవాళ్ళమని ఆయనతో పనిచేసినవాళ్ళు ఇప్పటికీ అంటారు.

మోకాళ్ళు అరిగిపోయి ఇక కిందికి దిగలేవని డాక్టర్లు తేల్చాక, పైన డ్యూటీ ఇచ్చారు. గోల్ఫు మైదానం చూసుకోవడం. కొన్నాళ్ళు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదట. బాయిలో మనుషుల ప్రాణాలు చూసినవాణ్ణి తెచ్చి గడ్డికి కాపలా పెట్టారని బాధ. పైగా ఆ గడ్డి కూడా లేదు. ఇక్కడి ఎండలకు ఏ గడ్డీ బతకదు. అందుకని గుంటల చుట్టూ గోదావరి ఇసుకలో కాలిన ఇంజను నూనె కలిపి పరిచారు. దాని మీద ఒకరు నడిచాక అడుగులు చెరిపేలా గోనెపట్టా లాగాలి. ఆ పని పూలమ్మది.

గోనె లాగుతూ పూలమ్మ ఒకరోజు చూసింది. ఆఫీసర్లు ఆడి వెళ్ళిపోయాక గులాం అలీ ఒక పాత గోల్ఫు కర్ర పట్టుకుని బంతి వెనక నేలను తడుతున్నాడు. టక్, టక్. తట్టి, చెవి కొంచెం వంచి విని, అప్పుడు కొట్టాడు. బంతి గోడ దాటి సైకిలు స్టాండులో పడింది.

"నేలను తట్టుడేంది అన్నా, అది మీద పడ్తదా?" అని అడిగిందట పూలమ్మ.

"చెయ్యికి అలవాటైంది చెల్లె. తట్టకుంటె చెయ్యి లేస్తలేదు," అన్నాడట.

ఆ అలవాటు ఎన్నడూ పోలేదు. కొన్నేళ్ళకు ఆఫీసర్లే ఆయనను తమతో ఆడమన్నారు. ఇంకొన్నేళ్ళకు ఆయనతో ఆడటానికి పక్క ఏరియాల నుంచి వచ్చారు. మొదటి షిఫ్టు దిగిన కార్మికులు ఇంటికి పోకుండా, ముఖాల మీద బొగ్గు మసితోనే క్లబ్బు గోడ ఎక్కి కూర్చునేవాళ్ళు. గులాం అలీ నేల తట్టగానే గోడంతా నిశ్శబ్దం. అలా జనం నోట ఆయన పేరు గోల్ఫు గులాం అయింది. ఆ ఆట పెద్ద ఊళ్ళలో ఎవరిదైనా కావచ్చు, గోదావరిఖనిలో మాత్రం ఆయనది.

మైదానం చేరేసరికి కాసిపేట నుంచీ జైపూర్ నుంచీ వచ్చినవాళ్ళు అప్పటికే షామియానా కింద ఉన్నారు. అనూహ్య భుజాన సంచిలో మందు పీల్చే పంపు, మాస్కులు, నీళ్ళు, ఇంకో చొక్కా ఉన్నాయి. అందరికంటే వెనక, గాలి వచ్చే వైపు కాకుండా కుర్చీలు చూసుకుని కూర్చుంది. హాసిని చేతిలో గులాం అలీ ఆమె కోసం పొట్టిగా కోయించి ఇచ్చిన కర్ర ఉంది. దానిని ఇంట్లో వదిలి రమ్మంటే వినలేదు.

ఉపన్యాసాలు వద్దనుకున్నా, ఒక్క ముచ్చట చెబుతానని సంపత్ లేచాడు. రిటైరైన కార్మికుడు, గులాం అలీ షిఫ్టువాడు. మైకు వద్దన్నాడు. మొదటిసారి ఇక్కడ పోటీ జరిగినప్పటి సంగతి చెప్పాడు. గోడ మీద కూర్చున్న వాళ్ళెవరికీ ఆట తెలియదు. తెలిసిందల్లా టార్గెట్. ఎక్కువ టన్నులు తీసిన షిఫ్టుకే పేరు. పోటీ అయ్యాక అంకెలు చదివారు. ఒక ఆఫీసరుకు అందరికన్నా ఎక్కువ వచ్చాయి, గులాం అలీకి అందరికన్నా తక్కువ. కార్మికులు చప్పట్లు కొట్టి, తెచ్చిన దండను ఆ ఆఫీసరు మెడలో వేసేశారు. గోల్ఫులో తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలిచినట్టని వాళ్ళకెవరు చెప్పారు? ఆఫీసరు దండ తీయలేడు, ఉంచుకోలేడు.

"నేనైతె గులాం అన్న భుజం మీద చెయ్యేసి చాయ్ తాగనీకి తీస్కపోయిన," అన్నాడు సంపత్. "పోనీ అన్న, మోకాళ్ల నొప్పికి తక్కువ కొట్టినవ్, అచ్చే ఏడు ఎక్కువ కొడుదువుతీ అన్న. సరే తమ్మీ, ప్రయత్నం చేస్త అన్నడు. చాయ్ పైసలు గూడ నాతోనే ఇప్పిచ్చిండు. గెలిచింది తనే అని చెప్పలె. మల్ల ఆర్నెల్లకు వేరెటోడు చెప్తె తెల్సింది."

షామియానా అంతా నవ్వింది. నుస్రత్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, తరువాత అదే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ దండ కథ ఇంట్లో ఎన్నిసార్లు చెప్పేవాడో ఆమెకే తెలుసు. తరువాతెప్పుడో ఆయన కోల్‌కతాలో బొగ్గు కంపెనీల పోటీలో గెలిచి రామగుండం స్టేషన్లో దిగినప్పుడు, సంపత్ రెండు దండలు తెచ్చాడట. ఒకటి పాత బాకీ అన్నాడట.

అప్పుడు పూలమ్మ గోనెపట్టా లాగి ఇసుకను చదును చేసింది. నుస్రత్ బేగం వెనక్కి తిరిగి హాసిని కోసం చూసింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీకి బూడిద మోసే లారీలు వరుసగా కదిలాయి. గాలి తిరిగింది. సన్నని బూడిదరంగు దుమ్ము మైదానం మీదుగా నెమ్మదిగా వచ్చింది. శ్యామ్ అనూహ్య వైపు చూశాడు. హాసిని లేచి నిలబడింది.

"అమ్మా, వెళ్ళనా?"

అందరూ వేచి ఉన్నారు. అనూహ్య చేయి పిల్ల భుజం మీదే ఉంది. వద్దంటే ఎవరూ ఏమీ అనరు. పిల్లకు బాగాలేదని అందరికీ తెలుసు. కానీ హాసిని ఇక ఎప్పుడూ వెళ్ళనా అని అడగదేమో. ఈ మధ్య చాలా విషయాలు అడగడం మానేసింది. బడిలో ఆటల పీరియడ్‌కు తనే బెంచీ మీద కూర్చుంటోందని టీచరు చెప్పిన మాట ఎన్నాళ్ళ నుంచో అనూహ్య లోపల గుచ్చుకుంటూ ఉంది.

దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం గులాం అలీ ఆ అరిగిన మోకాళ్ళతో పైకెక్కి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీ ఊచల వెనక పిల్లను చూసి వచ్చానన్నాడు. డాక్టరు ఇచ్చిన, ఊపిరి బలం కొలిచే గొట్టం గుమ్మం పక్కనే బల్ల మీద ఉంటే చేతిలోకి తీసుకుని, ఇదేమిటని అడిగాడు. పిల్ల ఊదితే ముల్లు ఎక్కడిదాకా పోతుందో చూడాలని, పచ్చగీతలో ఉంటే బాగున్నట్టని అనూహ్య చెప్పింది. ఆయన దానిని అటూ ఇటూ తిప్పి చూసి, మాకు కర్ర ఉండె, నీకు గొట్టం ఉన్నది అన్నాడు. ఇంకా కొన్ని మాటలన్నాడు. ఆమె సగమే విన్నది. పిల్ల దగ్గుతోందేమోనని చెవి లోపలి గదిలో ఉంది. మర్నాటి నుంచి ఆయన వాకిట్లో టీ గ్లాసు అడ్డంగా పడుకోబెట్టి, హాసినికి బంతి దొర్లించడం నేర్పాడు. అనూహ్య మెట్ల మీద పంపు ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చునేది. గొట్టం మాత్రం బల్ల మీదే ఉండేది. ముల్లు తక్కువ చూపిస్తుందన్న భయంతో చాలాసార్లు ఆమె దానిని ముట్టుకునేదే కాదు. ఈ రోజు సంచి అడుగున వేసుకుని వచ్చింది కానీ, తీయాలని అనుకోలేదు.

ఇప్పుడు తీసింది.

"ఊదు," అంది.

అంతమంది ముందు హాసిని సిగ్గుపడుతూ ఊదింది. మళ్ళీ ఊదింది. ముల్లు పచ్చగీతలో ఆగింది. అనూహ్య పిల్లకు మాస్కు కట్టి, భుజం మీది చేయి తీసేసింది.

హాసిని నడిచి వెళ్ళి బంతి వెనక నిలబడింది. పొట్టి కర్రతో నేలను తట్టింది. టక్, టక్. చెవి కొంచెం వంచింది. షామియానా కింద ఒక్కరూ కదలలేదు. సంపత్ తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. బంతి నూనె ఇసుక మీద గీత గీసుకుంటూ పోయి, గుంటకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఒక్క దెబ్బనే కొట్టింది," అన్నాడు సంపత్ గట్టిగా. "ఇప్పుడు మాకు తెల్సు, తక్కువనే మంచిది."

నవ్వులు. పూలమ్మ పిల్ల అడుగుల మీదుగా గోనె లాగింది.

సాయంత్రం హాసిని ఛాతీలో సన్నగా పిల్లికూత వినిపించింది. ముల్లు కొంచెం దిగింది. అనూహ్య పంపుతో మందు ఇచ్చి, కాసేపు ఆగి మళ్ళీ ఊదించింది. ముల్లు పైకి వచ్చింది. పిల్ల అన్నం తిని, కర్ర పక్కన పెట్టుకుని పడుకుంది. అంతకన్నా ఏమీ జరగలేదు.

ఇప్పుడు పొద్దున్నే పళ్ళు తోముకున్నాక హాసిని ఊదుతుంది. పచ్చగీతలో ఉంటే ఆటల పీరియడ్‌కు వెళ్ళవచ్చు. లేకపోతే మందు, తరువాత మళ్ళీ గొట్టం. తడిగుడ్డలు కిటికీల మీద నుంచి దిగాయి. బడి బస్సు మలుపు తిరిగిపోయాక అనూహ్య గేటు దగ్గర నిలబడిపోకుండా లోపలికి వచ్చి తన పని చూసుకుంటుంది. కొన్ని రోజులు అది కష్టంగానే ఉంటుంది. అలాంటప్పుడు ఆ సాయంత్రం మెట్టు మీద కూర్చుని, సగమే వింటోందని తెలిసి కూడా గులాం అలీ ఓపికగా చెప్పిన మాట ఇప్పుడు మొత్తంగా వినిపిస్తుంది.

"ఫికర్ జేసుడు తప్పు గాదు బిడ్డా. కని పైకప్పు కింద నిలవడి ఊకె పైకి చూస్కుంట ఉంటె ఏం తెల్వది. తట్టు. ఇను. బోలుగ మోగితే ప్రాపు పెట్టు. గట్టిగ మోగితే మాత్రం ఇగ పైకి చూడకు. పిల్లను రమ్మను."