కళ్ళు పెట్టని పటం

కథలకు కరువు వచ్చినప్పుడు ఫిల్మ్‌నగర్‌లో కొందరు పౌరాణికాలు తీస్తారు, కొందరు రియల్ ఎస్టేట్‌లోకి దిగుతారు. నేను పనిచేసిన నిర్మాతగారు మాత్రం ప్రాంతీయ కళలను ఉద్ధరించడానికి పూనుకున్నారు. జూబ్లీహిల్స్‌లో నాలుగంతస్తుల ఇల్లు. లిఫ్టులో కలంకారీ, భోజనాల గదిలో తోలుబొమ్మలు, అతిథుల బాత్రూములో నిర్మల్ నెమళ్ళు. వాటి పక్కన అతికించే అట్టముక్కల మీద నాలుగేసి వాక్యాలు రాయడం నా ఉద్యోగం. ఎం.ఏ. తెలుగు చదివినందుకు నాకు దక్కిన గౌరవం అది. బొమ్మ గురించి నేను రాసినవి సగం కొట్టేసి, ఆ జాగాలో సార్ తన గురించి చేర్చేవారు.

ఒక ఎండాకాలం చేర్యాల నుంచి పటాలు వేసే ఆవిడను తీసుకొచ్చి, వెనక ఔట్‌హౌస్‌లో పెట్టారు. మంచం, ఏసీ, భోజనం, నెలజీతం. షరతు ఒక్కటే: ఆ గదిలో గీసిన ప్రతి గీతా ఆయన సేకరణకే చెందాలి. ఆవిడా తక్కువది కాదు. మర్నాటికే ఏసీ చివరికంటా తగ్గించి, శాలువా కప్పుకుని కూర్చుంది.

"ఇంటికాడ ఎండకు గిన్నెల రంగులే ఎండిపోతుండె అక్కా. గీడ నేనే గడ్డకడుతున్న" అని నవ్వింది.

అయితే తనతోపాటు సగం వేసిన పటం ఒకటి తెచ్చుకుంది. ఊరూరా తిరిగి, తమను పోషించే కులానికి వాళ్ళ పుట్టుక కథ పాడే బృందం ఒకటి చేయించుకుంటున్న పటం అది. పొడవాటి గుడ్డ మీద ఎర్రటి రంగు, అందులో వరసగా బొమ్మలు. ఒక్కో బొమ్మా విప్పుతూ ఒక్కో ఘట్టం పాడతారు. వాళ్ళ పాతది చిరిగిపోయింది. వానలు పడ్డాయంటే ఊళ్ళన్నీ పొలాల్లోనే ఉంటాయి, కథ వినేవాళ్ళుండరు. ఆలోపు పటం చేతికి రాకపోతే ఆ ఏడాది వాళ్ళింట్లో గింజలుండవు.

ఈ సంగతంతా ఆవిడ సార్‌కు చెప్పింది. కొత్త రచయితలు కథ చెప్తుంటే ఊపినట్టే ఆయన తల ఊపారు. వినలేదని దాని అర్థం. పాపం, ఆ ఊపుడు ఆవిడకు కొత్త.

పటం పూర్తయింది, ఒక్క కళ్ళు తప్ప. కళ్ళు ఆఖరున, కథ చెప్పేవాళ్ళ ఎదుట, కొబ్బరికాయ కొట్టాకే పెట్టాలి. అప్పటిదాకా అది ఉత్త గుడ్డ. ఆవిడ చుట్టాల పెళ్ళికని ఊరెళ్ళగానే, సార్ ఆ గుడ్డను తెప్పించి డ్రాయింగ్ రూములో వేలాడదీయించి పార్టీ ఇచ్చారు.

"సార్, దానికింకా కళ్ళు పెట్టలేదు" అన్నాను.

"అందుకే కదండీ బాగుంది!"

ఒక దర్శకుడు గ్లాసు పట్టుకుని పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. "దేవుళ్ళకే కళ్ళు తీసేశారు. ఎంత ధైర్యం!" అన్నాడు. అతని పక్కనున్న ఒకావిడ "అంతర్ముఖత్వం" అంది. ఇంకొకాయన "మన సమాజం..." అని మొదలెట్టి, ఆపైన ఏమనాలో తోచక జీడిపప్పు తిన్నాడు. సార్ ముఖంలో మొదటి ఆట హౌస్‌ఫుల్ అయినంత వెలుగు.

తెల్లారి నాకు ఆజ్ఞ అయింది. "కళ్ళు లేకపోవడం గురించి రాయండి. లోతుగా."

"లోతేముంది సార్? పని మిగిలింది, అంతే."

"మీకు మోడరన్ అర్థం కాదండీ."

ఆవిడ తిరిగొచ్చి అడిగినా సార్ పటం దించనివ్వలేదు. కొన్నాళ్ళకే కథ చెప్పే బృందం, ముగ్గురు, గేటు దగ్గర దిగారు. వాళ్ళను జూనియర్ ఆర్టిస్టులనుకుని సెక్యూరిటీ పక్కన నిలబెడితే, నేను వెళ్ళి లోపలికి తీసుకొచ్చాను. గోడ చూడగానే వాళ్ళలో పెద్దాయన "గిదే మా పటం" అన్నాడు.

"మీదంటారేంటండీ? నా ఇంట్లో గీసింది" అన్నారు సార్. "అయినా మీ కళంటే నాకు ప్రాణం. ఫోటో తీయించి పెద్ద ఫ్లెక్సీ వేయించి ఇస్తాను. చిరగదు, వానకి తడవదు."

"ఫ్లెక్సీ పట్టుకపోతే ఓట్లడుగనీకి వచ్చినమనుకుంటరు సారూ."

నేనూరుకుంటానా? "మీ సినిమా ఎవరో పట్టుకుపోయి, పోస్టరు మీ చేతిలో పెడితే ఒప్పుకుంటారా సార్?"

"నా సినిమాలు ఎవరూ పట్టుకుపోలేదండీ."

నిజమే. థియేటర్లవాళ్ళు కూడా.

ఔట్‌హౌస్ నుంచి వచ్చిన పటం ఆవిడ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. "మీ దగ్గర్నే ఉండనీ సార్. గని గింత దూరం వచ్చిన్రు, జర పూజ చేసుకోనీయిన్రి. వీడియో తీపిచ్చుకోన్రి, మంచిగుంటది."

ఆ ఇంట్లో వీడియో అన్న మాటకు కాదనడం ఉండదు. కెమెరా వచ్చింది, లైట్లు వచ్చాయి, సార్ పట్టుపంచె కట్టుకుని వచ్చారు. పటం కిందికి దించి కొబ్బరికాయ కొట్టారు. ఆవిడ సన్న కుంచెతో పైనుంచి వరసగా కళ్ళు పెట్టుకుంటూ పోయింది. దేవుడు, రాజు, గుర్రం, మేక, ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం మొదలెట్టారు. సార్‌కు చివరి బొమ్మల దగ్గర తెలివొచ్చింది.

"అయ్యయ్యో! పాడుచేసేశారు! మామూలు బొమ్మలైపోయాయి కదండీ!"

"మామూలువే సార్" అంది ఆవిడ.

ఆయన తల పట్టుకున్నారు. "తీసుకుపొమ్మనండి. నాకు కళ్ళు లేనిది ఇంకోటి వేసివ్వండి."

"ఏస్త సార్. దానికి పని గూడ తక్కువ."

ఆయన లోపలికి వెళ్ళాక, కావాలనే చేశావా అని అడిగాను. "గాయన ఒద్దంటడని నాకేమెరుక అక్కా? కండ్లు పెడ్తె వాళ్ళదైతది, ఎనుక పంచాది చూస్కుందమనుకున్న" అంది.

కళ్ళు తెరిచిన రోజే మొదటి ఘట్టమైనా పాడాలట. ముగ్గురూ ప్రహరీ బయట ఫుట్‌పాత్ మీదే పటం కట్టి, వాయించే కంచు తాళాలు సంచిలోంచి తీశారు. కార్లలో నిద్రపోతున్న డ్రైవర్లు దిగొచ్చారు. పక్క బంగళా పనివాళ్ళు చేరారు. నేను చెప్పులు విడిచి గేటు మెట్టు మీద కూర్చున్నాను. మొదటి బొమ్మ అయ్యేలోపే మా సెక్యూరిటీ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"పైన స్టోరీ సిట్టింగ్ నడుస్తున్నదట. కథ జర చిన్నగ చెప్పమంటున్నరు."

పెద్దాయన తల ఊపి, రెండో బొమ్మ విప్పి, ఇంకాస్త గొంతెత్తాడు.