తొట్టి గోడకు అంటిన నురుగు

పర్ణశాల దారిలోని ఒక పల్లె దవాఖానాలో నాకు నర్సుగా మొదటి ఉద్యోగం. ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. పెరట్లో రేకుల స్నానాల గది, దాని పక్కనే సిమెంటు తొట్టి.

చేరిన రోజే స్నానాల గది గోడ మీద ఒక కప్ప కనిపించింది. తడిసిన చెట్టుబెరడు రంగు. వేళ్ల చివర సగ్గుబియ్యం గింజల్లాంటి గుండ్రని బిళ్లలు. వాటితోనే గోడను పట్టుకుని, కళ్లు సగం మూసుకుని ఉంది. భయంతో చెంబు విసిరాను. కప్ప ఎగిరినప్పుడు తొడల లోపలివైపు పసుపు చుక్కలు ఒక్కసారి కనబడి మాయమయ్యాయి. చప్పుడు విని వచ్చిన అవ్వ నన్నేమీ అనలేదు. అది చెట్టుకప్పనీ, ఎండాకాలమంతా అక్కడే తలదాచుకుంటుందనీ, ఒక్కో పూట ఒక్కో రంగుకు తిరుగుతుందనీ చెప్పింది.

తొలకరి పడ్డాక తొట్టి లోపలి గోడకు, నీళ్లకు జానెడు ఎత్తున, తెల్లని నురుగు ముద్ద అంటుకుని ఉంది. సబ్బు నురుగనుకున్నాను.

"అవి ఆ కప్ప గుడ్లు బిడ్డా. కొన్ని రోజులైతే పిల్లలు నీళ్లల్ల పడ్తయి. అందాక తొట్టి కడగకు" అంది అవ్వ.

సరేనన్నాను. మర్నాడు ఆమె మణుగూరులో కూతురి దగ్గరికి వెళ్లింది. ఆ ఆదివారం దవాఖానాలో నాతో పనిచేసే ఇద్దరిని భోజనానికి పిలిచాను. వాళ్లు చూసి ఏమనుకుంటారోనని చీపురుతో ఆ నురుగు గీకేశాను. పైన పెళుసుగా ఎండింది. లోపల మెత్తగా ఉంది, సన్నగా ఏవో కదిలాయి. అప్పుడైనా ఆగాల్సింది. రెండు బకెట్ల నీళ్లు కొట్టి కడిగేశాను. వచ్చినవాళ్లు పెరట్లోకి రానే లేదు.

అవ్వ తిరిగి వస్తూనే తొట్టి దగ్గరికి వెళ్లింది.

"నురుగు ఏమైంది?"

"నిన్నటి వానకు కొట్టుకుపోయింది అవ్వా."

నమ్మింది. "అవ్, పైన కప్పు లేకపాయె. నాదే తప్పు" అంది.

మర్నాడు, మోకాళ్ల నొప్పులతో లేవడానికే కష్టపడే ఆ మనిషి నాలుగు వెదురు కర్రలు తెచ్చి తొట్టికి తాటాకు పందిరి వేసింది. కర్ర పట్టుకోమంటే పట్టుకున్నాను. తాడు కడుతూ ఆమె ఆగి ఆగి ఊపిరి తీసుకుంటుంటే, చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. ఆకలైతుందా బిడ్డా అని అడిగింది.

ఆ వానాకాలం కప్ప మళ్లీ ఆ తొట్టిలో గుడ్లు పెట్టలేదు. చలికాలంలో నాకు వేంసూరు వైపు బదిలీ అయింది. సామాను ఆటోలోకి ఎక్కించాక, వెళ్లొస్తానని మాత్రమే అన్నాను. నిరుడు ఆ పల్లె నుంచి వచ్చిన ఒకామె, అవ్వ పోయిందని చెప్పింది. ఒక్క మాట చెప్పడానికి నాకు అన్ని నెలలు దొరికాయి. చెప్పలేకపోయాను.