బస్సులో వినపడే చెవుడు

1979 ఆగస్టులో నన్ను కర్నూలు నుంచి తిరుపతికి బదిలీ చేశారు. చెవి, ముక్కు, గొంతు విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరు హోదా. ఆ విభాగానికి ఆడ సర్జన్ రావడం అదే మొదలు. మా ఛీఫ్ మొదటిరోజే, "టాన్సిల్స్ నువ్వు చూసుకోమ్మా" అన్నారు. పెద్ద ఆపరేషన్ల జోలికి రావద్దని దాని అర్థం. మద్రాసులో రెండేళ్లు మైక్రోస్కోపు మీద మెడ వంచి నేను నేర్చుకున్నది టాన్సిల్స్ తీయడానికి కాదు. పైకి అనలేదు గానీ మనసులో పెట్టుకున్నాను.

ఆ చలికాలంలో ఒక బస్సు డిపో వాళ్లు మునిరత్నం అనే కండక్టరును మా దగ్గరికి పంపారు. ముప్పై ఏళ్లుంటాయి. తిరుపతి నుంచి చిత్తూరుకు వెళ్లే బస్సులో డ్యూటీ. డిపో మేనేజరు అడిగింది ఒక్కటే: ఇతను నిజంగా చెవిటివాడా, నటిస్తున్నాడా? ఆఫీసులో పిలిస్తే పలకడు, ఆర్డరు చెబితే కదలడు. పరుగెత్తే బస్సులో మాత్రం వెనక సీటు ముసలమ్మ "పూతలపట్టు" అంటే చటుక్కున టికెట్టు చింపి ఇస్తాడు. మేం చెవిటివాడని రాస్తే అన్‌ఫిట్ కింద ఉద్యోగం పోతుంది. నటన అని రాస్తే క్రమశిక్షణ చర్య కింద పోతుంది. పాపం, ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భార్య చెంగమ్మ వెంట వచ్చింది. ఆమె బాధ ఆమెది. "ఇంట్లో పిలిస్తే పలకడు మేడం. పిండి మిల్లుకాడ మాత్రం నేను సెప్పేదంతా ఇంటాడు. ఇదేం సెవుడు? నన్ను ఎగతాళి సేసేదానికా?" అని నన్నే నిలదీసింది.

ఛీఫ్ నవ్వేశారు. అవసరానికి వచ్చిపోయే చెవుడని, నటన అని రాసి పంపెయ్యమని అన్నారు. నాకు ఒళ్లు మండింది. మునిరత్నం నాతో మాట్లాడినంతసేపూ గొంతు బాగా తగ్గించి గొణిగాడు. చెవి నరం దెబ్బతిన్నవాడు తన గొంతు తనకే వినపడక అరుస్తాడు. నటించేవాడు కూడా వాళ్లను చూసి నేర్చుకుని అరుస్తాడు. ఇతను ఆ రెండు రకాల్లోనూ లేడు.

చెవి పనిచేసే తీరు కాస్త చెప్పాలి. శబ్దం చెవి గొట్టంలోంచి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనక మూడు బుల్లి ఎముకలు ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. మూడోదాని పేరు స్టేపిస్. బియ్యపుగింజ కంటే చిన్నది. మన ఒంట్లో ఇంతకంటే చిన్న ఎముక లేదు. దాని పాదం లోపలి చెవి కిటికీలో ముందుకూ వెనక్కీ ఆడుతూ అక్కడి ద్రవాన్ని కదిలిస్తుంది. నత్తగుల్లలా చుట్టుకున్న ఆ గదిలోని సన్నటి కణాలు ఆ కదలికను పట్టి నరానికి అందిస్తాయి. కొందరికి స్టేపిస్ పాదం చుట్టూ ఎముక పెరిగి, అది కిటికీలో బిగుసుకుపోతుంది. లోపలి చెవి నిక్షేపంగా ఉంటుంది, తలుపే తెరుచుకోదు. ఈ జబ్బును ఓటోస్క్లెరోసిస్ అంటాం.

ఈ రోగి గొంతు అతని పుర్రె ఎముక గుండా నేరుగా లోపలికి చేరి, అతనికి గట్టిగా వినపడుతుంది. అందుకే తగ్గించి మాట్లాడతాడు. బస్సు మోత అతనికి అంతగా చేరదు. కానీ ఆ మోతలో ఎదుటివాళ్లు గొంతు చించుకుంటారు గనక వాళ్ల మాట చేరుతుంది. పిండి మిల్లులో చెంగమ్మ చేసినదీ అదే. నటన అనడానికి వాళ్లు చూపించిన రుజువే అసలు రోగ లక్షణం.

ఛీఫ్‌నూ, మేనేజరునూ ఎలాగో ఒప్పించి, వెంటబెట్టుకుని మునిరత్నం బస్సే ఎక్కాను. ఇంజను హోరులో నేను గట్టిగా ఏది అడిగినా అతను జవాబిచ్చాడు. పక్కనున్న మేనేజరు మాత్రం "ఏమంటున్నారు?" అని రెండుసార్లు నన్ను అడిగారు. పూతలపట్టులో ఇంజను ఆపించి అదే ప్రశ్న మామూలు గొంతుతో అడిగాను. మునిరత్నం తెల్లమొహం వేశాడు.

"సూసినారా మేడం, ఇదే నేను సెప్పేది!" అన్నారు మేనేజరు.

"నేను చెప్పేదీ ఇదేనండీ" అన్నాను.

చేతిసంచిలోంచి ట్యూనింగ్ ఫోర్కు తీశాను. కొడితే ఒకే స్వరంతో మోగే రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ అది. మోగించి చెవి దగ్గర పెడితే మునిరత్నం వినపడలేదన్నాడు. దాని కాడను చెవి వెనక ఎముకకు ఆనించగానే మొహం వెలిగిపోయింది. "మోగతా ఉండాది మేడం, బాగా మోగతా ఉండాది!" అన్నాడు. నటించేవాడైతే రెండుచోట్లా వినపడలేదనే అంటాడు గదా అని మేనేజరును అడిగాను. ఆయన మంచివాడే. నయమయ్యేదైతే చెప్పండి, అంతవరకూ సెలవు ఇప్పిస్తానన్నారు.

నయం చేయవచ్చు. బిగిసిన ఎముకను తీసి, దాని చోట టెఫ్లాన్ పిస్టన్, అంటే సన్నటి పుల్లలాంటి ప్లాస్టిక్ ముక్క, అమర్చాలి. కానీ అదే లోపలి చెవిలో, అదే ద్రవంతో, మనిషిని తూలకుండా నిలబెట్టే మూడు వంపు గొట్టాలు కూడా ఉన్నాయి. చెయ్యి జారితే ఆ చెవి పూర్తిగా పోతుంది, పైగా కళ్లు తిరిగి నిలబడలేడు. కదిలే బస్సులో నిలబడలేని కండక్టరుకు ఉద్యోగమెక్కడిది? ఇదంతా దాచకుండా చెప్పాను. మునిరత్నం భార్య వైపు చూశాడు. చెంగమ్మే జవాబు చెప్పింది: "ఇట్లుంటే మాత్రం ఉద్యోగం నిలస్తాదా? సేసేయండి మేడం."

ఛీఫ్ మాత్రం నన్ను ఆశ్చర్యపరిచారు. "నువ్వే చెయ్యి, నేను వెనక నిలబడతా" అన్నారు.

ఎక్కువ చెడిన కుడి చెవిని ఎంచుకున్నాం. రోగి మెలకువగానే ఉంటాడు, చెవి మటుకు తిమ్మిరెక్కిస్తాం. కర్ణభేరిని పక్కకు మడిచి సూదితో తాకి చూశాను. మొదటి రెండు ఎముకలూ కదిలాయి, స్టేపిస్ కదల్లేదు. నేను చెప్పింది నిజమేనని అప్పుడే తేలిపోయింది. దాని పైభాగం తీసి, పాదంలో సన్నటి రంధ్రం చేసి, పిస్టన్‌ను రెండో ఎముకకు తగిలించాను. కళ్లు తిరుగుతున్నాయా అని గట్టిగా అడిగితే లేదన్నాడు.

కర్ణభేరిని యథాస్థానంలో పరుస్తుండగా, సిస్టరు ఆయా చెవిలో, "మేడంకి కాఫీ తెప్పించినావా?" అని గుసగుసగా అడిగింది.

గుడ్డ కింది నుంచి మునిరత్నం గొంతు వచ్చింది. "నాకూ ఒకటి సెప్పండి సిస్టరమ్మా! పొద్దున్నుంచీ నోట్లో సుక్క నీళ్లు పడలేదు."

అబ్బ, థియేటరంతా ఒకటే నవ్వు! నాకైతే లేచి గంతులేయాలనిపించింది. ఛీఫ్ చేతి తొడుగులు తీసేస్తూ, "రేపటి నుంచి చెవులు నువ్వు చూడు. టాన్సిల్స్ నేను చూసుకుంటా" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా.

మరుసటి ఏడాది రెండో చెవి కూడా చేసి, ఫిట్ సర్టిఫికెట్టు మీద నేనే సంతకం పెట్టాను. ఆ తర్వాత ఒకసారి చిత్తూరు వెళ్లాల్సి వచ్చి మునిరత్నం బస్సే ఎక్కాను. ఇంజను హోరెత్తుతోంది. నా సీటు దగ్గరికి వచ్చి, చెవికి చెయ్యి అడ్డంపెట్టి వంగాడు.

"యాడికి మేడం? గట్టిగా సెప్పండి, ఈ మోతలో ఒక్క ముక్క ఇనపళ్లేదు!"

అంతటితో ఊరుకోలేదు. ముందు ఈ బస్సు ఇంత గోల చేసేది కాదని, బాగు చేయించమని డిపోలో రెండుసార్లు చెప్పినా మేనేజరు నవ్వుతున్నాడే తప్ప పట్టించుకోవడం లేదని నాకు ఫిర్యాదు చేశాడు. నేను "చిత్తూరు!" అని బస్సంతా తిరిగి చూసేలా అరిచి టికెట్టు తీసుకున్నాను. గర్వంగానే అరిచాను.

తర్వాత నా దగ్గర చేరిన ప్రతి బ్యాచ్ విద్యార్థులకూ మొదటి క్లాసు ఈ కేసుతోనే చెప్పాను. రోగి మాట పొసగనట్టు తోస్తే, అబద్ధమని రాసే ముందు ఏ నిర్మాణం చెడితే ఆ మాట నిజమవుతుందో వెతకాలి.