మా అత్త, తోడేలు, ఐదు బొమ్మలు

నాకు బొమ్మలు ముందు వచ్చాయి. అక్షరాలు ఇద్దరు పిల్లలు పుట్టాక వచ్చాయి. వచనం మాత్రం మా అత్త చేత తిట్లు తిన్నాకే వచ్చింది. ఈ వరుసలో నేర్చుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి రాసి పెడుతున్నాను.

మా పుట్టిల్లు ధారూర్ దగ్గర, గొర్లు కాచే ఇల్లు. మందలు కలిసిపోకుండా ఎవరి గొర్రెకు వాళ్ళు జాజుతో ఎర్రటి గుర్తు పెట్టుకునేవాళ్ళు. వీపు మీద ఒక గీత పెట్టు చాలు అని మా నాయన చెబితే, నేను ఆ గీతకు రెండు కళ్ళూ ఒక మూతీ పెట్టేదాన్ని. "గొర్రె మీద ఇంకో గొర్రెనెందుకు ఎక్కించినవే?" అని తిట్టేవాడు. కానీ మా మందను ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టగలిగేవాడు. అందుకే కొట్టలేదు.

పెళ్ళయి తాండూరు వచ్చాను. అక్కడ ఎటు చూసినా బండలే. నేల బండ, గోడ బండ, కూర్చునేది బండ. ఇంటాయన నాపరాళ్ళు కోసే చోట పనిచేసేవాడు. అంచు విరిగిన బండలు ఇంటికి తెచ్చి వాకిట్లో గోడకు ఆనించేవాడు, ఎప్పుడో స్నానాల గదికి పరుద్దామని. ఆ గది నేను ముసలిదాన్ని అయ్యేదాకా కాలేదు. ఆ బండలు మాత్రం నాకు దక్కాయి. సుద్దముక్కతో బండకొక బొమ్మ గీసేదాన్ని. అన్నిటినీ వరుసగా చూసుకుంటూ పోతే కథ అయ్యేది. ఇంటాయన గురక, గురకకు అటక మీది పిల్లి కింద పడటం, పిల్లి ఆయన కడుపు మీదే పడటం. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు బిందెలు దించి, మా వాకిట్లో వంగి వంగి చూసి, పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. మర్నాడు కడిగేసి కొత్త కథ గీసేదాన్ని.

మా అత్తకు ఒకే ఒక్క కథ ఉంది. ఆమె వయసులో ఉన్నప్పుడు, తల్లి చచ్చిన గొర్రెపిల్లను గంప కింద మూసిపెట్టి, పక్కన కూర్చుని జొన్నలు చెరుగుతోందట. తోడేలు వచ్చి గంప తన్నేసి పిల్లను ఎత్తుకుపోయిందట. మా అత్త రోకలి పట్టుకుని వాగుదాకా తరిమి, పిల్లను విడిపించి, ఒళ్ళో పెట్టుకుని పాలు తాపిందట. పెళ్ళికి పోయినా ఇదే కథ, చావుకు పోయినా ఇదే కథ. నేను దాన్ని ఐదు బండల మీద గీశాను. అత్త నడుము మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏందే పిల్లా, నా ముక్కు గింత పొడుగున్నదా?"

"ఉన్నది అత్తా."

"ఉంటే మాత్రం గియ్యాల్నా? జర తగ్గియ్యి."

ముక్కు తగ్గించి రోకలి పెంచాను. అప్పుడు శాంతించింది. ఆ ఐదు బండలను కడగనివ్వలేదు. వానొస్తే గోనెసంచి కప్పేది.

వికారాబాద్‌లో పెళ్ళి పత్రికలు వేసే ఒక చిన్న అచ్చు దుకాణం ఉండేది. దాని యజమాని వయసులో ఉన్నవాడు, తెలుగు మీద మస్తు ప్రేమ. ప్రతి పండుగకూ వ్యాపారుల ప్రకటనలతో ఒక నాలుగు పేజీల కాగితం వేసి, తాండూరు, పరిగి దాకా పంచేవాడు. దుకాణంలో నేల పరిపించుకోవాలని బండలు చూడటానికి తాండూరు వచ్చాడు. ఇంటాయన మా వాకిలి మీదుగా తీసుకొచ్చాడు. ఆ మనిషి కొనాల్సిన బండలు వదిలేసి మా గోడ దగ్గరే కూర్చున్నాడు.

"అమ్మా, కాగితం మీద గీసియ్యి. దసరాకు అచ్చు వేస్త. గనీ ఒక పేజీ వచనం గూడ రాసియ్యాలె. బొమ్మలొక్కటే వేస్తే బొమ్మలేసెటామె అంటరు. వచనం ఉంటే రచయిత్రి అంటరు."

ఆ చివరి మాట నా చెవిలో పడ్డాక పొయ్యి మీద అన్నం మాడింది. నాకు తెలియనే లేదు. రచయిత్రి కావాలి! సుద్దబొమ్మలాగా నీళ్ళతో కడిగితే పోయేది కాదు, అచ్చు అక్షరాల్లో ఉండేది. నాకు అప్పటికి అక్షరాలు వచ్చి ఏడాది కూడా కాలేదు. మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి ఒక పంతులమ్మ వచ్చేది. బడి వరండాలో కూర్చోబెట్టి దిద్దించేది. ఆమె నేర్పినవే.

పలక ముందేసుకుని కూర్చున్నాను. రాశాను. 'తోడేలు వచ్చింది. పిల్లను తీసుకుపోయింది. అత్త కొట్టింది. పిల్ల దొరికింది.' అంతే. కథ అయిపోయింది. పేజీ నిండలేదు సరే, పలకలోనే సగం ఖాళీ. బొమ్మలో తోడేలు తోక ఒక్క వంపు తిప్పితే దాని భయమంతా తెలిసేది. వచనంలో తోక అని రాస్తే అది ఉట్టి తోకే. దానికి భయం ఎక్కడి నుంచి తేవాలి? 'భయపడిన తోక' అని రాసి చూశాను. నాకే నవ్వొచ్చింది.

పంతులమ్మకు చూపిస్తే జాలిపడి తానే మొదలుపెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చి అత్తకు చదివి వినిపించాను.

"ఒకానొక గ్రామమున ఒక వృద్ధ స్త్రీ నివసించుచుండెను."

"ఎవరామె?" అంది అత్త.

"నువ్వే."

"నేనెందుకైత? నేనప్పుడు నీకన్న చిన్నదాన్ని. గా ముసల్దాన్ని తీసేయ్ ముందుగాల."

తీసేశాను. ఆ ముసలామెతోపాటు వచనమంతా పోయింది. దసరా దగ్గరికొచ్చింది. ఐదు బొమ్మలు ఐదు కాగితాల మీద గీసి, చీర కొంగులో చుట్టుకుని, ప్యాసింజర్ బండి ఎక్కి వికారాబాద్ పోయి ఇచ్చాను. వచనమేదని యజమాని అడిగాడు. రాలేదన్నాను. "సరే, ఈ సారికి బొమ్మలే వేస్త," అన్నాడు. రచయిత్రి అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

బొమ్మలకు చెక్క అచ్చులు చెక్కించి, వరుసగా పేర్చే పని అక్కడున్న ఒక చాచాకు ఇచ్చారు. ఆయన నిజాం కాలం నుంచీ ఉర్దూ పుస్తకాలు అచ్చు వేసిన మనిషి. నేను బొమ్మలకు ఒకటి, రెండు అని వేయలేదు. బండలకు ఎప్పుడు వేశాను గనుక? కింద మాట కూడా లేదు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదివేది కాబట్టి, ఆయన తనకు తెలిసినట్టు మొదటి బొమ్మ కుడి చివర పెట్టి, ఎడమకు పేర్చుకుంటూ పోయాడు.

మళ్ళీ వికారాబాద్ పోయి కాగితాలు చేతికి తీసుకున్నప్పుడు నేను చూశాను. చూడలేదనను. నా గీత అచ్చులో ఉందన్న సంబరంలో ఏది ముందో ఏది వెనకో కంటికి ఆనలేదు. బండిలో ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చున్నాను. ఎదుటి సీటాయన "చంటిపిల్లనా అమ్మా?" అని అడిగాడు కూడా.

మర్నాడు అంగడి, వారానికోసారి జరిగే సంత. అత్త కొత్త చీర కట్టుకుని, కాగితం చేతపట్టుకుని బయల్దేరింది. వెనక నేను. మొదట కిరాణా సేటు దుకాణం. సేటు పాతకాలపు ఉర్దూ చదువు చదివినవాడు, తెలుగు మాట్లాడతాడే గానీ చదవడు. కుడి నుంచి చూశాడు. "వాహ్ అమ్మా! తోడేలునే తరిమినవా! షేర్ దిల్, సింహం గుండె నీది!" అని గుప్పెడు బెల్లం ఇచ్చాడు. అత్త మెడ జానెడు పెరిగింది.

అక్కడి నుంచి కూరగాయల వైపు పోతే మా గల్లీ ఆడవాళ్ళు ఎదురయ్యారు. వాళ్ళ పిల్లలు తెలుగు బడి పిల్లలు, ఎడమ నుంచి చూపించారు. ఎడమ నుంచి కథ ఇదీ: మా అత్త గొర్రెపిల్లకు ముద్దుగా పాలు తాపింది. తీసుకుపోయి వాగు దగ్గర తోడేలు ముందు పెట్టింది. పిల్లను నోట కరుచుకుని తోడేలు పరుగెత్తుతుంటే రోకలి పట్టుకుని సాగనంపింది. తోడేలు గంప తన్నింది. ఆఖరున మా అత్త బోర్లించిన గంప పక్కన హాయిగా నవ్వుతూ జొన్నలు చెరుగుతోంది.

కన్నడం కలిపి మాట్లాడే ఒక పక్కింటావిడ ముందు అందుకుంది. "ఏన్ అవ్వా, ఇన్నేండ్లు తరిమిన తరిమిన అంటివి. తోడేలును అల్లుని లెక్క సాగనంపినవట గదా!"

"ఎవతె అన్నది?"

"నీ కోడలే గీసిపెట్టింది. ఇంట్ల మనిషి అబద్ధం చెప్తదా?"

అంగడంతా ఒక్కటే నవ్వు. నేను కాగితం లాక్కుని చూశాను. నిజమే! నాకూ నవ్వు ఆగలేదు. ఆపుదామని కొంగు నోట్లో కుక్కుకుంటే ముక్కులోంచి వచ్చింది. అత్త నా వైపు తిరిగింది. ఆ తిట్లు కొన్ని ఇక్కడ రాయకూడనివి. రాయదగ్గవి ఇవి.

"నవ్వుతున్నవా! తల్లి లేని పిల్ల అది! నా బొటనవేలు పాలల్ల ముంచి తాగిపిచ్చిన! గంప తన్నిన సప్పుడైంది, చాట ఇసిరేసిన, జొన్నలు వాకిలంత పడ్డయి, వాటి మీదనే జారిన, జారుకుంటనే రోకలి అందుకున్న! ముళ్ళున్నయా, రాళ్ళున్నయా, నాకు తెల్వది! నా పేరు చెడగొట్టినవ్. నువ్వే బాగుచెయ్యి. ఏం రాస్తవో రాయి. రాసేదాక నా ఇంట్ల నీకు బువ్వ లేదు!"

నేను ఇంటికి పరుగెత్తాను, బువ్వకు భయపడి కాదు. ఆ మాటలు చెవిలో ఉండగానే పలక అందుకోవాలని. చాట విసిరేసింది, జొన్నలు పడ్డాయి, వాటి మీదే జారింది. ఇన్నేళ్ళ కథలో ఈ జారడం ఆమె ఎప్పుడూ చెప్పలేదు. కోపంలో బయటపడింది. పలక నిండింది. వెనక్కి తిప్పాను, అటూ నిండింది. ఇంక గోడకున్న బండల మీద రాశాను. అత్త వచ్చేసరికి ఆమె బొమ్మల పక్కనే బండల నిండా అక్షరాలు. చేతులకు, చీరకు, మొహానికి సుద్ద.

చదివి వినిపించాను. నోరు తెరుచుకుని విన్నది. ఒక్క చోట ఆపింది. వాగు ఒడ్డున, అత్త చెబుతున్నట్టే, నేను సొంతంగా ఒక ముక్క పెట్టాను. 'తోడేలు వెనక్కి తిరిగింది. రోకలిని కాదు, నా మొగం చూసింది. పిల్లను కింద పెట్టింది.'

"అది నా మొగం చూడలే. రోకలికే భయపడ్డది. తీసేయ్."

"తియ్యను అత్తా."

"తియ్యవా?"

"ముక్కంటే తగ్గించిన. గిది తగ్గియ్య."

ఆమె లోపలికి పోయింది. కాసేపటికి కంచంలో అన్నం వచ్చింది. తీయమని మళ్ళీ అనలేదు.

కాగితం మీదికి ఎక్కించి, పంతులమ్మకు చూపించకుండా వికారాబాద్ తీసుకుపోయాను. యజమాని నిలబడే చదివాడు. "గిది రాసినట్టు లేదమ్మా. ఎవరో ఎదురుంగ నిలబడి తిట్టినట్టున్నది," అన్నాడు. తిట్టినట్టే వేయమన్నాను. దీపావళి కాగితంలో వేస్తానన్నాడు. బొమ్మలు ఈసారి ఎడమ నుంచి పేర్చమని చెబితే చాచాకు కోపం వచ్చింది.

"నేనేం తప్పు చేసిన బేటీ? కథ కుడి నుంచే గదా మొదలయ్యేది! గీ తెలుగోళ్ళు ఎనకనుంచి ఎందుకు చూస్తరు?"

అయినా గొణుక్కుంటూ పేర్చాడు. కాగితం వచ్చింది. బొమ్మల కింద నా వచనం, దాని కింద 'రచన' అని, ఆ పక్కన నేను. గల్లీ ఆడవాళ్ళు పిల్లల చేత చదివించుకున్నారు. పక్కింటావిడ వచ్చి అత్త చేతులు పట్టుకుని, "నిజంగ జారినవా అవ్వా, దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

అంతా బాగైందనుకున్నాం. అంగడి రోజు సేటు దుకాణం ముందు నుంచి పోతుంటే ఆయన దిగులుగా పిలిచాడు. చేతిలో దీపావళి కాగితం. బొమ్మలు కుడి నుంచి చూశాడు. కింద తెలుగు చదవలేడు.

"అమ్మా, గిదేంది? పాలు తాపి మరీ తోడేలుకు ఇచ్చినవా? మొన్న అట్ల లేకుండె గదా!"

నేను చెప్పబోయాను. అత్త నన్ను పక్కకు నెట్టి దుకాణం మెట్టెక్కింది. కాగితం వైపు చూడలేదు. చూసినా ఆమెకు ఒక్క అక్షరం రాదు. తల్లి లేని పిల్ల దగ్గర మొదలుపెట్టింది. బొటనవేలు, గంప చప్పుడు, చాట, జొన్నలు, జారడం. నేను రాసిన వరుసలోనే, నేను ఆపిన చోటే ఆపుతూ. ఉప్పు కొనేవాళ్ళు, చింతపండు తూచేవాళ్ళు చేతిలో పని ఆపేశారు. వాగు ఒడ్డు వచ్చింది. అక్కడ ఊపిరి తీసుకుంది. నేనూ తీసుకున్నాను.

"అప్పుడు తోడేలు ఎనకకు తిరిగింది సేటూ. రోకలి దిక్కు గాదు. నా మొగం జూసింది!"

"నిజంగనా?" అన్నాడు సేటు.

"నా కండ్లతోని జూసిన," అంది మా అత్త.