మైకన్న ఆఖరి వైవా

కమ్యూనికేషన్ డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే ముగ్గురు పరిచయమవుతారు: హెడ్డు మేడం, గుమాస్తా, మైకన్న. మొదటి ఇద్దరికీ జీతం వస్తుంది. మూడో ఆయనకి రాదు, ఎందుకంటే ఆయన కూడా విద్యార్థే. కాకపోతే ఆయనతోపాటు చేరినవాళ్లలో కొందరికి అప్పుడే బట్టతల వచ్చింది.

అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. మొదటి సంవత్సరంలో ఒక సభకి స్వాగతం చెప్పాల్సిన కుర్రాడికి జ్వరం వస్తే, పక్కన ఖాళీగా నిలబడ్డాడని ఇతని చేతిలో మైకు పెట్టారు. అతను దాన్ని మళ్లీ కింద పెట్టలేదు. వక్తృత్వ పోటీలు, చర్చా వేదిక, విద్యార్థుల రేడియో, గోడపత్రిక ఆవిష్కరణ, వీడ్కోలు సభ, ఏది జరిగినా ముందుగా వినబడే "హలో, హలో" అతనిదే. ముఖ్య అతిథి ఆలస్యమైతే గంటసేపు సభని ఒంటిచేత్తో నిలబెట్టగలడు. ఒకసారి ముఖ్య అతిథి అసలు రానేలేదు. రాలేదన్న సంగతి సభలో సగం మందికి ఇంటికెళ్లాక గాని తెలియలేదు.

తండ్రి బస్సు కండక్టరు. "మీవాడి డిగ్రీ ఎంతవరకు వచ్చింది?" అని డిపోలో ఎవరైనా అడిగితే, "వాడు డిగ్రీని చదవడం ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు డిగ్రీయే వాణ్ణి చదువుతోంది, దానికీ అర్థం కావట్లేదు" అనేవాడు. చెల్లెలు అతని తర్వాత కాలేజీలో చేరి, అతనికన్నా ముందు బయటపడి, మందుల షాపులో ఉద్యోగం కూడా సంపాదించింది. హాల్‌టికెట్టు మీద అన్న ఫొటో చూసి, "ఇందులో నాకు తమ్ముడిలా ఉన్నావురా అన్నయ్యా" అంది.

పట్టిపీడించిందల్లా ఒక్క పేపరు: కమ్యూనికేషన్ సిద్ధాంతాలు. మొదటిసారి పరీక్ష రోజున అంతర కళాశాలల పోటీలు పడ్డాయి. పరీక్ష అతను లేకపోయినా జరుగుతుంది, పోటీలు జరగవు కదా అని అటు వెళ్లాడు. రెండోసారి కూర్చుని రాశాడు గాని, జవాబు పత్రంలో మొదటి రెండు పేజీలు పెద్దలకి, పిన్నలకి, అధ్యాపక బృందానికి స్వాగతం పలకడానికే సరిపోయాయి. ఆ తర్వాత ఎలాగో రాతపరీక్ష గట్టెక్కాడు. వైవా మిగిలింది. అసలు గండం అదే. వెయ్యిమంది ముందు మంచినీళ్లు తాగినంత తేలిగ్గా మాట్లాడే మనిషి, బల్లకి అవతల ఇద్దరు కూర్చుని మొహంలోకి చూస్తే నీళ్లు నమిలేవాడు. సభలో అతను ఎవరి మొహమూ చూసేవాడు కాదు. చివరి వరస వెనక గోడ మీదున్న గడియారాన్ని చూస్తూ మాట్లాడేవాడు. వైవా గదిలో అంత దూరంలో గడియారం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ ఏడు యూనివర్సిటీ కొత్త నిబంధన తెచ్చింది. పాత బ్యాచీల వాళ్లకి ఇదే ఆఖరి అవకాశం. తప్పితే ప్రవేశమే రద్దు, అంతవరకు పాసైనవన్నీ నీళ్లపాలు. కబురు మేనమామకి చేరింది. ఆయనకి సిమెంటు కొట్టుంది.

"వచ్చెయ్ రా అల్లుడూ" అన్నాడు ఫోన్లో, ఆనందం దాచుకోకుండా. "ఇన్నాళ్లూ గాల్లో మేడలు కట్టావు. ఇకమీదట సిమెంటుతో కడుదువుగాని. కుర్చీ తుడిపించి ఉంచాను."

ఆ కుర్చీ మైకన్నకి కలలోకి రావడం మొదలుపెట్టింది. వచ్చినప్పుడల్లా దానిమీద బస్తాడు దుమ్ము ఉండేది.

చదివించే బాధ్యత గోడపత్రిక ఎడిటరమ్మ తీసుకుంది. రెండో సంవత్సరం పిల్ల, పెన్సిలు జడలో గుచ్చుకుని తిరుగుతుంది, ఎవరి వ్యాసాన్నైనా సగానికి కోస్తుంది. క్యాంటీన్లో అతన్ని గోడవైపు కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టింది.

"అన్నా, కమ్యూనికేషన్ అంటే ఏంటి?"

"అది... నీకు తెలియందేముందమ్మా?"

"నాకు తెలుసు కాబట్టే పాసయ్యాను. నువ్వు చెప్పు."

"నాలుక చివరనే ఉంది."

"ఎన్నేళ్లుగా అన్నా?"

పక్క బల్ల వాళ్లు టీ గ్లాసులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మైకన్న కూడా నవ్వాడు గాని, మర్నాటినుంచి క్యాంటీనుకి పుస్తకం చంకన పెట్టుకునే వచ్చాడు. చదివాడు, నిజంగానే చదివాడు. చిత్రమేమిటంటే అంతా అర్థమైంది కూడా. ఒక్కడే ఉన్నప్పుడు గడగడా అప్పజెప్పేవాడు. ఎడిటరమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంటే మాత్రం నోటికి తాళం పడేది.

వైవా రోజు పొద్దున్నే వచ్చి, తన్ను పరీక్షించబోయే గదిని తనే సర్దాడు. అలవాటు. బల్లకి గుడ్డ పరిచాడు, నీళ్ల సీసాలు పెట్టాడు, కిర్రుమనే కుర్చీని తనకోసం ఉంచుకున్నాడు. బయటినుంచి వచ్చే ఎగ్జామినర్ పేరు కాగితం మీద చూసి బల్లమీద పెట్టే పేరు పలక కూడా రాశాడు. ఎక్కడో విన్న పేరులా అనిపించింది గాని, పేర్లతో అతనికి ఎవరు గుర్తుంటారు? ఆపైన పుష్పగుచ్ఛం పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాడు. కారులోంచి సూటు వేసుకున్న మనిషి దిగాడు. మైకన్న గుచ్ఛం అందించబోయి ఆగిపోయాడు.

"ఒరేయ్ నసిగాడూ! నువ్వా?"

నసిగాడే. ఒకప్పటి జూనియర్. నోట్లో మాట నోట్లోనే నసుగుతాడని ఆ పేరు. చర్చా పోటీలో వేదిక ఎక్కనని స్తంభాన్ని కావలించుకున్నవాణ్ణి, వేళ్లు ఒక్కొక్కటే విడదీసి మైకు ముందుకి తోసింది మైకన్నే. ఇప్పుడు ఇంకో యూనివర్సిటీలో ప్రొఫెసరు.

వెనకే వచ్చిన హెడ్డు మేడం మొహంలో నెత్తురు లేదు. "బాబూ, ఆయన నీ ఎగ్జామినరు."

"రండి సార్" అన్నాడు మైకన్న, గుచ్ఛం తలకిందులుగా అందిస్తూ.

"అన్నా" అన్నాడు నసిగాడు మెల్లగా. "ముందే చెప్తున్నా, ఏమనుకోకు. మార్కుల దగ్గర నేను నీ తమ్ముణ్ణి కాను."

"అయ్యో, ఎవరడిగారు సార్" అన్నాడు మైకన్న. అడిగి ఉంటే బాగుండేదని గది దాకా అనుకుంటూనే నడిచాడు.

గదిలో తలుపు వేశారు. బయట ఎడిటరమ్మ, మరో పదిమంది కిటికీకి చెవులప్పగించారు. నసిగాడు కళ్లజోడు సవరించుకుని, నేరుగా అతని మొహంలోకి చూసి, "కమ్యూనికేషన్ అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పండి" అన్నాడు.

కుర్చీ కిర్రుమంది. మైకన్న కిక్కురుమనలేదు.

"పోనీ, అందులో ఉండే అంగాలు చెప్పండి."

హెడ్డు మేడం నీళ్ల సీసా అటు జరిపింది. తాగాడు, మూత పెట్టాడు, మళ్లీ తీశాడు. సిమెంటు కొట్టులో కుర్చీ కళ్లముందు ఆడింది. నసిగాడికి కూడా ఇబ్బందిగా ఉన్నట్టుంది, మూడో ప్రశ్న గొంతులోనే గొణిగాడు.

"గట్టిగా!" అనేశాడు మైకన్న, పాత అలవాటుకొద్దీ. "చివరి వరసకి వినబడొద్దూ?"

హెడ్డు మేడం కళ్లు మూసుకుంది. నసిగాడు పెన్ను బల్లమీద పెట్టి, గడియారం కోసం గోడలన్నీ కలియజూశాడు.

"మీరు లేచి నిలబడండి" అన్నాడు. "నావైపు చూడకండి. అదిగో, ఆ తలుపు పైన మేకు ఉంది చూశారా? దానికి చెప్పండి."

మైకన్న లేచాడు. మేకుని చూశాడు. చేతిలో ఉన్న నీళ్ల సీసా దానంతటదే గడ్డం దగ్గరికొచ్చింది.

"సభకు నమస్కారం!"

కిటికీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈనాటి మన వేదిక మీదికి ముందుగా 'పంపేవారి'ని సాదరంగా ఆహ్వానిస్తున్నాను. వీరి కడుపులో ఒక మాటుంది. అది బయటపడితే గాని అన్నం సహించదు. వీరి వెంట విచ్చేసినవారు 'సందేశం' గారు. ఒంటరిగా రాలేరు, పాపం. మాటో, బొమ్మో, కనీసం కనుసైగో తోడుండాలి. వారిని మోసుకొచ్చిన 'మాధ్యమం' గారిని కూడా పైకి రమ్మంటున్నాను. మనం ఎప్పుడూ అతిథిని వేదికెక్కించి డ్రైవరుని చెట్టుకింద వదిలేస్తాం, ఈసారి ఆ తప్పు చెయ్యొద్దు. ఎదురుగా ఆసీనులైనవారు 'అందుకునేవారు'. వీరు లేకపోతే సభ లేదు, వీరున్నా ఒక్కోసారి ఉండదు, ఫోను చూసుకుంటూ ఉంటారు. ఇక పిలవని పేరంటంగా ఏ సభకైనా తప్పక వచ్చే 'రొద' గారు! మైకు కుయ్యిమన్నా వీరే, శ్రోత మనసులో ఇంటి గొడవ తిరుగుతున్నా వీరే..."

నసిగాడు రాసుకుంటున్నాడు. హెడ్డు మేడం ఒక కన్ను తెరిచింది.

"చిట్టచివరగా 'ప్రతిస్పందన' గారు..."

"ఆగండి" అన్నాడు నసిగాడు. "మీ సభలో ఆయన ఏ రూపంలో వస్తారు?"

"చప్పట్లు సార్" అన్నాడు మైకన్న మేకుతో.

"చప్పట్లు కొట్టారంటే అర్థమైనట్టేనా?"

"కాదు సార్. అయిపోయిందని సంతోషం."

"మరి అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది?"

సీసా కిందికి దిగింది. మైకన్న మెల్లగా ఇటు తిరిగి నసిగాడి మొహంలోకి చూశాడు.

"మొహం చూడాలి సార్. మాట్లాడుతూ మధ్యలో ఆగి చూడాలి. నేను... అంతగా ఆగినట్టు లేను."

ఆపైన కూర్చునే జవాబులు చెప్పాడు. తడబడ్డాడు. ఒకరి సిద్ధాంతాన్ని ఇంకొకరి నెత్తిన రుద్దాడు. ఒక ప్రశ్నకి "తెలియదు సార్" అన్నాడు. ఆ మాట అతని నోట డిపార్ట్‌మెంటు ఎన్నడూ వినలేదు. కానీ మొహం తిప్పుకోలేదు. నసిగాడు తలాడిస్తే ముందుకెళ్లాడు, కనుబొమలు ముడిస్తే వెనక్కొచ్చి ఇంకోలా చెప్పాడు.

"పాస్" అన్నాడు నసిగాడు, మార్కుల కాగితం దగ్గరికి లాక్కుంటూ.

కిటికీ అవతల ఈలలు. హెడ్డు మేడం కూడా నవ్వబోయి, ఉన్నట్టుండి ఉలిక్కిపడింది.

"సార్, ఒక్క మాట. వచ్చే వారం మా వార్షికోత్సవం. పాసైతే ఇతను విద్యార్థి కాడు, విద్యార్థి కానివాడు వేదిక ఎక్కకూడదు. ఇక్కడ ఏ వైరు ఎక్కడుందో ఇతనికి తప్ప దేవుడికి కూడా తెలియదు. ఆ సంతకమేదో వచ్చే వారం చేద్దురూ!"

నసిగాడు పెన్ను గాల్లో ఆపి, "నీ ఇష్టం అన్నా" అన్నాడు. "ఇప్పుడా, వచ్చే వారమా? పాసవడం ఎలాగూ పాసయ్యావు."

వార్షికోత్సవం అంటే నిండిన హాలు, కొత్త తెర, ఇద్దరు ముఖ్య అతిథులు. ఒకరు తప్పకుండా ఆలస్యంగా వస్తారు. హెడ్డు మేడం ఆశగా చూస్తోంది. ఆమె మొహాన్ని మైకన్న బాగానే చదివాడు.

"ఇప్పుడే చేసెయ్ రా" అన్నాడు. "చేసెయ్యండి సార్. వచ్చే వారం దాకా ఆగామంటే, ఆ పై వారం వక్తృత్వ పోటీలున్నాయి."

నసిగాడు సంతకం చేశాడు. హెడ్డు మేడం కాగితం అందుకుని చూసి నిట్టూర్చింది. "బొటాబొటీగా వేశారు. ఇంకో రెండు మార్కులు వేస్తే ఏం పోయేది సార్, సెకండ్ క్లాసు వచ్చేది!"

"వేశాను మేడం" అన్నాడు నసిగాడు. "స్వాగతోపన్యాసానికి తీసేశాను."