మైకు బాబాయి ఆంప్లిఫయర్

ఆయన ఇంట్లో మాట్లాడితే నాలుగిళ్ల అవతలికి వినిపించేది. అందుకే వీధిలో అందరూ ఆయన్ని మైకు బాబాయి అనేవారు. ఆయనా నవ్వేసి ఊరుకునేవాడు. రేకు డబ్బాలకు మూతలు కొట్టే కార్ఖానాలో నలభై మూడేళ్లు ప్రెస్సు ముందు నిలబడ్డ మనిషి. అక్కడ పక్కవాడికి ఒక్క మాట చెప్పాలన్నా గొంతు చించుకోవాలి. ఆ అలవాటే ఇంటిదాకా వచ్చిందని భార్య సరిపెట్టుకుంది.

ఆయనకొక అక్క. వయొలిన్ పంతులమ్మ. తండ్రి పోయిన ఏడాది ఇద్దరిలో ఒక్కరి చదువే సాగుతుందని తేలింది. పదిహేనేళ్ల తమ్ముడు "నాకెలాగూ లెక్కలు బుర్రకెక్కవు, అక్కని వయొలిన్ నేర్చుకోనీ" అని కార్ఖానాలో చేరిపోయాడు. నిజానికి లెక్కల్లో తరగతికంతా వాడే మొదటివాడు. ఆ సంగతి అక్కకు తెలుసు. కానీ వాళ్లిద్దరి మధ్యా ఆ మాట ఎన్నడూ పైకి రాలేదు.

తమ్ముడు రిటైరైన రెండు నెలలకు అక్క ఒంటిగది ఇంటికి మారింది. పోతూ పోతూ తను ప్రాణంగా చూసుకున్న స్పీకర్ల జతను ఆయనకిచ్చేసింది. నడుమెత్తు చెక్కపెట్టెలవి. వాటిని నడిపే ఆంప్లిఫయర్ మాత్రం ఏనాడో కాలిపోయింది.

"చవగ్గా ఒకటి చూసి తగిలించుకోరా. ఇన్నాళ్లూ ఆ ప్రెస్సు మోత విన్నావు, ఇకనైనా కాస్త సంగీతం విను" అంది.

బజారు చివర పాత రేడియోలు బాగుచేసే మెకానిక్కు దగ్గరికి వెళ్లాడాయన. మెకానిక్కు స్పీకర్ల వెనక అంటించిన చీటీలోని అంకెలు అడిగి తెలుసుకుని, తల పంకించాడు.

"వాట్లు చూసి మోసపోకండి బాబాయ్. ఇవి నాలుగు ఓముల స్పీకర్లు. కరెంటు బాగా లాగేస్తాయి. పైన మెరుగులున్న చవకరకం కట్టారంటే అరగంటలో సలసల కాగి చస్తుంది. చూపుకి బాగోకపోయినా బరువున్నది తీసుకోండి."

బరువున్నదే తీసుకెళ్లాడు. మర్నాడే తిరిగి తెచ్చాడు. "దుప్పటి కప్పుకుని వాయిస్తున్నట్టుందయ్యా!" అన్నాడు. మెకానిక్కు ఇంకొకటిచ్చాడు. దాన్నీ రెండో రోజుకే వెనక్కి మోసుకొచ్చాడు.

"ఇక స్పీకర్లనే పట్టుకురండి. లోపం వాటిలోనే ఉందేమో" అన్నాడు మెకానిక్కు విసుగు దాచుకుంటూ.

స్పీకర్లను ఆటోలో వేసుకుని బయల్దేరితే, ఏం దెబ్బ తగిలిందోనని అక్క కూడా వెంట వచ్చింది. మెకానిక్కు తీగలు కలిపి వయొలిన్ సీడీ పెట్టాడు. అక్క కళ్లు మూసుకుంది.

"బంగారంలా ఉంది కదరా! ఇంతకన్నా ఏం కావాలి?"

"ఏముందే బంగారం? పై స్వరాలకు వెళ్లేసరికి వట్టి కమాను పుల్ల తీగల మీద ఆడుతున్నట్టుంది, నాదం ఏదీ?"

అక్క కళ్లు తెరిచింది. మెకానిక్కు సొరుగులోంచి మరో సీడీ తీశాడు. అందులో పాట లేదు. ఒకటే కూత, కింది స్థాయిలో మొదలై అంతకంతకూ సన్నబడుతూ పైకి పోతుంది.

"ఇద్దరూ వినండి. ఎక్కడ ఆగిందనిపిస్తే అక్కడ చెయ్యెత్తండి."

కాసేపటికే తమ్ముడు చెయ్యెత్తాడు. అక్క ఎత్తలేదు. ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది. దుకాణంలో ఏ చప్పుడూ లేదనుకుంటున్నాడు. కానీ అక్క ముఖం ఇంకా ఆ కూతనే అనుసరిస్తోంది. మెకానిక్కు కనుబొమలు ముడుచుకునే ఉన్నాయి. ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మెల్లగా చెయ్యి దించుకున్నాడు.

"ఎప్పట్నించిరా?" అంది అక్క.

ఆమె పెదవుల కదలిక చూసి ఆయన గ్రహించాడు.

"ఏమో. మన వీధిలో పిట్టలు లేకుండా పోయాయనుకున్నాను."

చెవుల డాక్టరు, పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను మాటలకు కొంత పనికొచ్చింది గానీ, వయొలిన్ దాంట్లో రేకు మీద మేకు గీసినట్టు పలికేది. పరిహారం అడిగితే కార్ఖానా వాళ్లు వయసుతో వచ్చిన లోపమని ఒక కాగితం ఇచ్చి పంపేశారు. తనిఖీ రోజున మాత్రం అక్కడ చెవులకు స్పంజి బిరడాలు పంచేవారు. అధికారి గేటు దాటగానే వాటిని లెక్కపెట్టి తిరిగి తీసుకునేవారు.

చివరికి మెకానిక్కే పాత ఆంప్లిఫయర్ ఒకటి వెతికి పెట్టాడు. పైరేకంతా గీతలు. నాలుగు ఓముల బరువు తట్టుకుంటుంది. సన్నటి స్వరాలను పెంచడానికి దానికి వేరే మర ఉంది. ఆయన ఆ మరను ఆఖరిదాకా తిప్పాడు. పోయిందనుకున్న నాదం దారప్పోగంత వచ్చి చెవిలో పడింది.

"వచ్చింది! అక్కా, వచ్చిందే!" అని దుకాణం అదిరేలా అరిచాడు.

మెకానిక్కు రెండు చెవులూ మూసుకున్నాడు. అక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఇంట్లో ఆ మోతకు భార్యకు తలనొప్పి వచ్చేది. కనుక ఆవిడ కుట్టుపనికి వెళ్లినప్పుడే ఆయన పెట్టుకునేవాడు. అక్క మాత్రం వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చి ఆయన పక్కనే కూర్చునేది. ఒకనాడు పెందలాడే ఇంటికొచ్చిన మరదలు ఆమెను వంటింట్లోకి లాక్కుపోయింది.

"మీ చెవులేం కాను వదినా? కాస్త తగ్గించమని నేను చెప్పనా?"

"ఊరుకోవే. ఒక్కడూ కూర్చుని ఏం వింటాడు?"

రెండేళ్లు అలా గడిచాయి. ఆ చలికాలంలో అక్క తన దగ్గర మిగిలిన ఒక్క శిష్యురాలినీ మాన్పించేసింది. పగలూ రాత్రీ చెవుల్లో ఈల మోగుతోందనీ, తీగ శ్రుతి చేస్తుంటే ఏది తీగో ఏది ఈలో తేలడం లేదనీ మరదలితో చెప్పింది. ఆ ముక్క తమ్ముడి దాకా వెళ్లకూడదని చేతిలో చెయ్యి వేయించుకుంది.

ఆ మధ్యాహ్నమూ ఆయన సీడీ పెట్టి, కుర్చీ దగ్గరికి లాగి, "రా అక్కా" అని పిలిచాడు. ఆమె వెళ్లి కూర్చుంది.